సంబంధం ఏమిటో చెప్పండి: కాన్సెప్ట్ మ్యాప్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కాన్సెప్ట్ మ్యాప్ గారికి,

నమస్కారాలు. మీరు క్షేమమని తలుస్తాను. మీకేం లోటు, కిరణజన్య సంయోగక్రియ పాఠం మీద మా పిల్లలు గళ్లలో పేర్లు రాసి, బాణాలతో కలిపి గీసిన పటాలుగా నా బల్ల మీదే నలభై రెండు అవతారాల్లో కొలువై ఉన్నారు. నేనే అంత క్షేమంగా లేను. నిన్న ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంటకి మిమ్మల్ని దిద్దడానికి కూర్చుని, లైటు వేసుకునే వేళకి లేచాను. రాత్రి పడుకున్నాక కళ్లు మూసుకుంటే రెప్పల లోపల కూడా గళ్లూ బాణాలే.

ట్రైనింగులో మిమ్మల్ని తెర మీద పరిచయం చేసిన రోజు నాకింకా గుర్తుంది. "వ్యాసం దిద్దాలంటే పది నిమిషాలు. దీనికి ఒక్క చూపు చాలు, పిల్లల బుర్రలో ఏముందో కాగితం మీద కనిపించేస్తుంది" అన్నారు. మూల్యాంకనానికి మీరు రామబాణమన్నారు. బాణాలైతే కట్టలకొద్దీ వచ్చాయండీ. రాముడి జాడే లేదు.

మీ వంశం గొప్పది, కాదనను. 1972లో కార్నెల్ విశ్వవిద్యాలయంలో జోసెఫ్ నోవాక్ బృందం చిన్నపిల్లల్ని సైన్సు గురించి ఇంటర్వ్యూలు చేసింది. ఆ మాటల గుట్టల్లోంచి ఏ పిల్లల అవగాహన ఎలా మారుతోందో పట్టుకోవడం కష్టమై, చివరికి మిమ్మల్ని కన్నది. కొత్త విషయం బుర్రలో నిలవాలంటే అప్పటికే అక్కడున్నదానికి తగులుకోవాలని మనస్తత్వవేత్త డేవిడ్ ఆసుబెల్ చెప్పిన సిద్ధాంతం మీ ఇంటికి పునాది. అంటే మీరు పుట్టిందే పిల్లల మాటల్లోంచి. మరి నా బల్ల మీదున్న నలభై రెండింటిలో నలభై ఒక్కదాంట్లో పిల్లల మాట అన్నదే లేదే? (నలభై రెండోది తర్వాత చెబుతాను.)

మీరు పెట్టిన షరతు ఏమంత పెద్దది కాదు. రెండు భావనల మధ్య బాణం గీస్తే, దాని మీద ఒక మాట రాయాలి. ఒక గడిలో పత్రహరితం, ఇంకో గడిలో సూర్యకాంతి. మధ్య బాణం మీద "పీల్చుకుంటుంది" అని రాస్తే అదొక వాక్యం. వాక్యమైతేనే తప్పో ఒప్పో తేల్చగలం. మీ ప్రాణమంతా ఆ చిన్న మాటలోనే ఉంది. గళ్లలో పేర్లదేముంది, పాఠం చివర ముఖ్యపదాల పట్టీలో ఎలాగూ ఉంటాయి.

ఆ మాట ఉండాల్సిన చోట మా పిల్లలు ఏం రాశారంటే, "సంబంధం ఉంది."

పత్రహరితానికీ సూర్యకాంతికీ సంబంధం ఉంది. ఆకుకీ పత్రరంధ్రానికీ సంబంధం ఉంది. వేరుకీ నీటికీ సంబంధం ఉంది. గ్లూకోజుకీ పిండిపదార్థానికీ సంబంధం ఉంది. నేను సైన్సు టీచర్నా, పెళ్లిళ్ల పేరయ్యనా? పేరయ్యే నయం, అబ్బాయి ఏం చేస్తాడు, అమ్మాయి ఏం చదివిందని ఓ మాట అడుగుతాడు. ఇక్కడ అదీ లేదు. సంబంధం ఉంది, అంతే. శుభం.

పోనీ తప్పని కొట్టేద్దామా అంటే, తప్పు కాదే! ఎర్ర పెన్ను ఎత్తుతాను, ఆగుతాను. వేరుకీ నీటికీ సంబంధం ఉంది కదా, లేదని ఎలా అంటాను? పెన్ను దించేస్తాను. ఒక పిల్లాడు ఆక్సిజన్‌కీ వేరుకీ మధ్య కూడా అదే రాశాడు. వేళ్లూ శ్వాసిస్తాయి, కాబట్టి అదీ నిజమే. వాడికి ఆ సంగతి తెలిసి రాశాడా, అక్కడ ఖాళీ ఉందని రాశాడా? ఆ బాణం చెప్పదు. ఏ రెండింటి మధ్య పెట్టినా నెగ్గుకొచ్చేసే మాట అది. లోకంలోని అజ్ఞానాన్నంతా కప్పేసేంత పెద్ద దుప్పటి. ఇరవయ్యో కాగితం దగ్గర లెక్కపెట్టడం మొదలుపెట్టాను. ముప్పయ్యోది వచ్చేసరికి లెక్క మానేసి, ఆ మాట కనిపించినప్పుడల్లా పైకి చదవడం మొదలుపెట్టాను. ఇంట్లోవాళ్లు తలుపు దగ్గరగా వేశారు.

ఇక మీ మార్కుల పద్ధతి ఒకటి. 1984లో నోవాక్, గోవిన్ ఇచ్చిన లెక్క: సరైన వాక్యానికి 1, పై నుంచి కిందికి ఒక్కో అంతస్తుకి 5, ఒక కొమ్మ నుంచి ఇంకో కొమ్మకి వేసే మంచి అడ్డ బాణానికి 10. కొమ్మల మధ్య లంకె చూడగలగడమే అసలైన అవగాహన కాబట్టి దానికి అంత విలువ. బాగానే ఉంది. దాన్ని ముందే బోర్డు మీద రాయడం నా బుద్ధి తక్కువ. పది అన్న అంకె చూడగానే క్లాసంతా విల్లు ఎక్కుపెట్టింది. ఈ మూల నుంచి ఆ మూలకి, ఆ మూల నుంచి ఈ మూలకి, సిరాలో పడి లేచిన సాలీడు పరిగెత్తినట్టు బాణాలు. ఒక్కోదాని మీద ఏముందో మళ్లీ చెప్పాలా? సంబంధం ఉంది. పది మార్కులు పారేయమంది.

ఇకపై నిన్ను నువ్వనే పిలుస్తాను, ఏమీ అనుకోకు. ఆదివారం పోయాక మర్యాద మిగల్లేదు.

నీ పేరు చెప్పుకుని తిరిగేవాళ్ల సంగతి కూడా చూసుకో. మధ్యలో ఒక సూర్యుడు, చుట్టూ రంగురంగుల కొమ్మలు వేసి "కాన్సెప్ట్ మ్యాప్ టీచర్" అని ముగ్గురిచ్చారు. అది మైండ్ మ్యాప్, దానికి వేరే ఉత్తరం రాస్తాను. కంప్యూటర్లో గీయిద్దామనుకుంటే పీరియడంతా గళ్ల రంగులు మార్చడంతోనే సరి. ఖాళీలు పూరించే మ్యాప్ ఇస్తే దిద్దడం తేలికే. కానీ అల్లిక మనమే అల్లేసి పూసలు మాత్రం గుచ్చమన్నాక, వాళ్ల అల్లిక ఎలా ఉందో తెలిసేదెలా?

అన్నట్టు, 2011లో 'సైన్స్' పత్రికలో కార్పికె, బ్లంట్ అనే పరిశోధకులు నీ గురించి అచ్చువేసింది నీకు తెలిసే ఉంటుంది. పాఠం ముందు పెట్టుకుని నిన్ను గీసినవాళ్లకంటే, పుస్తకం మూసేసి గుర్తున్నది రాసుకున్నవాళ్లకే వారం తర్వాత ఎక్కువ గుర్తుంది. చివరి పరీక్షలో నిన్నే గీయమన్నప్పుడు కూడా వాళ్లే ముందున్నారు! ఇంత జరిగాక నేనైతే ముఖం చూపించేవాణ్ని కాదు. అయితే అందులో నీ తప్పెంతో, పుస్తకం తెరిచి ఉండటం తప్పెంతో అని నాకో అనుమానం. నిన్న సాయంత్రం ఆ అనుమానం పెరిగింది.

ఎందుకంటే, నలభై రెండోది.

ఆ అమ్మాయి ఆ రోజు పుస్తకం మర్చిపోయి వచ్చింది. పక్కవాళ్లది చూడనివ్వలేదేమో, ఉన్నది ఉన్నట్టు గీసింది. మొత్తం ఏడే గళ్లు. "మొక్క" నుంచి "ఆహారం"కి బాణం. దాని మీద ఇలా ఉంది: "మట్టిలోంచి వేళ్లతో లాక్కుంటుంది." సూర్యకాంతి నుంచి ఆకుకి బాణం, "వెచ్చగా ఉంచుతుంది." కుడివైపు కింది మూలన కార్బన్ డయాక్సైడ్ ఒంటరిగా ఉంది, దేనికీ తగలకుండా. దాని పక్కన కాగితం కొంచెం చిరిగింది. ఆకు దాకా ఒక బాణం గీసి, చెరిపి, మళ్లీ గీసి, మళ్లీ చెరిపిన గుర్తు. ఆ చెరిపిన చోట సన్నగా "ఎందుకు?" అని పెన్సిల్ మాట.

కిందటి వారం పరీక్షలో ఇదే పిల్ల కిరణజన్య సంయోగక్రియ నిర్వచనం పొల్లు పోకుండా రాసింది. నాలుగుకి నాలుగు వేసి, పక్కన "గుడ్" అని కూడా రాశాను.

చెట్టు మట్టిని తిని పెరుగుతుందని చాలామందిలాగే ఆమె కూడా అనుకుంటోంది. వెనకటికి వాన్ హెల్మాంట్ అనే శాస్త్రవేత్త 200 పౌన్ల మట్టిలో విల్లో మొక్క నాటి, అయిదేళ్లు నీళ్లు పోసి తూచాడు. 5 పౌన్ల మొక్క 169 పౌన్ల చెట్టయింది, మట్టి తగ్గింది 2 ఔన్సులే. అంత చేసి ఆయన కూడా చెట్టంతా నీళ్ల నుంచే వచ్చిందనుకున్నాడు. గాలి ఆయన లెక్కలోకే రాలేదు. సరిగ్గా ఈ పిల్ల ఎక్కడ ఆగిందో ఆయనా అక్కడే ఆగాడు. ఆయన గీసినా ఆ మూల గడి ఒంటరిగానే ఉండేది.

ఇది నాకు ఒక్క చూపులో కనిపించింది. ట్రైనింగులో చెప్పినట్టే. పరీక్ష పేపరులో నెల రోజులు వెతికినా దొరికేది కాదు. నీ లెక్క ప్రకారం ఆమెకి వచ్చినవి 8 మార్కులు. పుస్తకంలో పటాన్ని దించేసి బాణాలన్నిటికీ సంబంధాలు ఖాయం చేసినవాళ్లకి 46. ఏమనాలి నిన్ను? తిట్టడానికే ఈ ఉత్తరం మొదలుపెట్టాను, ఇక్కడికొచ్చాక తిట్లు సరిగ్గా కుదరడం లేదు. ఆ ఒక్క కాగితం మార్కులు వేయకుండా పక్కన పెట్టాను.

ఇవాళ పొద్దున క్లాసుకి వెళ్లగానే అడిగాను. "ఎందుకర్రా, అందరూ ఒకే మాట రాశారు? బాణం మీద ఇంకేం రాయడానికీ దొరకలేదా?"

క్లాసులో చప్పుడు లేదు. ముందు బెంచీ అబ్బాయి లేచి నిలబడ్డాడు. "మీరు బోర్డు మీద అలాగే రాశారు కదా టీచర్."

"నేనా?"

"అవును టీచర్. నమూనా గీసిన రోజు. బెల్లు కొట్టేస్తున్నారని తొందరగా రాసేశారు."

ఆ రోజు బోర్డు ఫోటో నా ఫోన్లో ఉంది. మధ్యాహ్నం స్టాఫ్‌రూమ్‌లో ఎవరూ లేనప్పుడు తీసి చూశాను. పద్నాలుగు బాణాలు. తొమ్మిదింటి మీద "సంబంధం". మిగతా అయిదింటి మీద అదీ లేదు.

ఇట్లు,
నీతో సంబంధం ఉన్న
ఒక సైన్సు టీచర్