82 ఆటలెందుకు, ఒక్కటి చాలదా?

అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ యాజమాన్యానికి సవినయంగా విన్నవించుకునేది. అక్టోబరు చివర్నుంచి ఏప్రిల్ నడిమి దాకా ఒక్కో జట్టు చేత 82 ఆటలు ఆడిస్తున్నారు. 30 జట్లకూ కలిపి 1,230 ఆటలు. ఎందుకండీ ఇంత శ్రమ, ఇన్ని విమానాలు? ఫలానా ఆటగాడు పనికొస్తాడో లేదో తేల్చడానికి మా అభిమానికి ఒక్క ఆట చాలు. అది కూడా పూర్తిగా అక్కర్లేదు. మూడో క్వార్టర్ సగానికొచ్చేసరికి, అంటే 48 నిమిషాల ఆటలో 30 నిమిషాలకే, తీర్పు రాసి సంతకం పెట్టేస్తాడు. మిగిలిన 18 నిమిషాలూ ఆ తీర్పుకు తగిన సాక్ష్యం ఏరుకోవడానికి.

మన తెలుగు అభిమానికి ఈ విద్య కొత్తగా నేర్పాల్సిన పని లేదు. వరసగా రెండుసార్లు డకౌటైన బ్యాటర్‌ను సాయంత్రానికల్లా జట్టులోంచి తీసేసిన అనుభవం చిన్నప్పటి నుంచీ ఉంది. బంతి రంగు మారిందంతే.

శిక్షాస్మృతిలో ఉన్నవి రెండే సెక్షన్లు. ఒకటి, ‘వీణ్ణి ట్రేడ్ చేసెయ్యండి’, అంటే ఇంకో జట్టుకు ఇచ్చేసి బదులు మరొకణ్ణి తెచ్చుకోండని. రెండోది, ‘వీడికి విగ్రహం పెట్టాలి’. ‘ఇవాళ షాట్లు పడలేదు, ఎల్లుండి చూద్దాం’ అనే మూడో సెక్షన్ ఇంతవరకు అమల్లోకి రాలేదు. ఎవరైనా అలా అన్నారంటే ఆట చూడలేదనే అర్థం.

పాత కేసులు కొన్ని చూద్దాం. 2016 నవంబరు 4న లాస్ ఏంజెలిస్‌లో గోల్డెన్ స్టేట్ జట్టు ఆటగాడు స్టెఫెన్ కరీ పది త్రీలు (దూరపు గీత బయటి నుంచి వేసే, పడితే మూడు పాయింట్లొచ్చే షాట్లు) వేశాడు. ఒక్కటీ పడలేదు. వరసగా 157 రెగ్యులర్ సీజన్ ఆటల్లో కనీసం ఒక త్రీ కొడుతూ వచ్చిన రికార్డు ఆ రాత్రితో తెగిపోయింది. అంతకుముందు సీజన్లో 402 త్రీలు కొట్టి, ఒక్క ఓటు కూడా పక్కకు పోకుండా ఎంవీపీ, అంటే సీజన్లో మేటి ఆటగాడు, అయిన మనిషి ఇతనే. అయినా సెక్షన్ ఒకటి కింద కేసు పెట్టడానికి అవేవీ అడ్డురావు. జట్టులోకి కెవిన్ డ్యురాంట్ అనే ఇంకో స్టార్ వచ్చాడు కాబట్టి ఇతని పని అయిపోయిందని తేల్చేయడానికి ఆధారం చేతిలోనే ఉంది: పదికి సున్నా. తర్వాతి ఆట నవంబరు 7న, న్యూ ఆర్లీన్స్ మీద. 17 వేస్తే 13 పడ్డాయి. ఒకే ఆటలో అన్ని త్రీలు అప్పటిదాకా ఎవరూ కొట్టలేదు. ఈ మూడు రోజుల్లో ఆ చేతులు మారలేదు, రిమ్ (బుట్ట ఇనుప వలయం) వెడల్పూ మారలేదు. మారిందల్లా సెక్షన్. మొదటి తీర్పును ఎవరూ రద్దు చేయలేదు, ఫైలు మాత్రం కనబడకుండా పోయింది.

కరీ జట్టులోనే ఉన్న క్లే థాంప్సన్ కేసు ఇంకా రసవత్తరం. 2018-19 సీజన్ మొదటి ఏడు ఆటల్లో 36 త్రీలు వేసి అయిదు కొట్టాడు. పద్నాలుగు శాతం కూడా లేదు. అక్టోబరు 29న షికాగోలో దిగి 24కి 14 కొట్టి, 27 నిమిషాలైనా ఆడకుండానే 52 పాయింట్లు చేశాడు. కరీ రికార్డు పోయింది. ఈ రెండింటినీ ఒకే కాగితం మీద కూడండి: 60కి 19. అంటే దాదాపు 32 శాతం, చెప్పుకోదగ్గదేమీ కాదు. ఆ సీజన్ మొత్తం ముగిసేసరికి 40 శాతం దగ్గర తేలాడు. అతను ఎప్పుడూ ఉండే చోటికి కాస్త కింద. కానీ 60కి 19 అనే అంకెతో ఎవరు గొడవపడతారు? 36కి అయిదు కావాలి, లేదా 24కి 14 కావాలి.

ఇక్కడ లెక్కల మేష్టార్లు కొందరు అడ్డం పడుతుంటారు. వాళ్ల వాదన ఇది. ఒకడు త్రీలలో సరిగ్గా 36 శాతం షూటర్ అనుకోండి. ఆటకు ఎనిమిది వేస్తాడు. అలసట లేదు, గాయం లేదు, ఇంట్లో గొడవ లేదు, ప్రతి షాటూ ఒకే తీరు. అలాంటివాడు కూడా ఎనిమిదిలో ఒకటో సున్నానో కొట్టే అవకాశం పదిహేను శాతం పైనే. 82 ఆటల్లో అలాంటివి 12, 13 వస్తాయి. వాటిలో రెండు రాత్రులు పూర్తిగా సున్నా. అదే మనిషి అయిదూ ఆపైన కొట్టే రాత్రులు తొమ్మిదో పదో ఉంటాయి. అంటే ఏ కారణమూ లేకుండానే ఒక సీజన్లో పన్నెండుసార్లు ట్రేడ్ అయి, పదిసార్లు విగ్రహమవుతాడు. సీజన్ సుమారు 25 వారాలు కాబట్టి దాదాపు వారానికో తీర్పు. మేష్టార్లు దీన్ని ‘యాదృచ్ఛికం’ అని కొట్టిపారేస్తారు. మరి యాదృచ్ఛికం మీద గంటన్నర ఎలా మాట్లాడతామండీ?

ఈ మేష్టార్లతో తగువు ఇవాళ్టిది కాదు. 1985లో గిలోవిచ్, వలోన్, ట్వెర్‌స్కీ అనే ముగ్గురు ఫిలడెల్ఫియా 76ఎర్స్ షాట్లు లెక్కగట్టి, ‘చెయ్యి వేడెక్కడం’, అంటే వరసగా కొట్టినవాడికి తర్వాతిదీ పడుతుందనడం, భ్రమేనన్నారు. అభిమాని ఖాతరు చేయలేదు. 2018లో మిల్లర్, సన్హుర్హో అనే ఇద్దరొచ్చి, ఆ లెక్కకట్టే పద్ధతిలోనే చిన్న మొగ్గు ఉందనీ, దాన్ని సరిచేస్తే వేడి కొంత కనబడుతోందనీ చూపించారు. అభిమాని అప్పుడూ ఖాతరు చేయలేదు. తన చూపు మీద తనకున్న నమ్మకానికి 33 ఏళ్లలో ఒక్క వెంట్రుక కూడా చెదరలేదు. నిలకడ అంటే అదీ.

ఇక సాక్ష్యం పరిశీలించే పద్ధతి. బాక్స్ స్కోర్‌లో, అంటే ఆటగాళ్ల అంకెల పట్టికలో, పాయింట్ల కాలమ్ ఒక్కటే చదవాలి. పక్కన షాట్ల కాలమ్ ఉంటుంది, దాని మీద బొటనవేలు పెట్టి మూసేయాలి. లేకపోతే ఏమవుతుందంటే, 24 పాయింట్లు చేసిన ఒకడు 22 షాట్లు, నాలుగు ఫ్రీ త్రోలు (ఎదుటివాడి ఫౌల్‌కు దొరికే, పడితే ఒక్క పాయింటొచ్చే షాట్లు) వాడుకున్నాడని తెలిసిపోతుంది. 17 పాయింట్లవాడికి తొమ్మిది షాట్లు, అయిదు ఫ్రీ త్రోలు సరిపోయాయని కూడా తెలుస్తుంది. అక్కడితో ఆగకుండా ఫ్రీ త్రోలను 0.44తో గుణించి, షాట్లకు కలిపి, రెట్టింపు చేసి, పాయింట్లను దానితో భాగిస్తే ట్రూ షూటింగ్ వస్తుంది, అంటే వాడుకున్న అవకాశాలకు తగ్గ పాయింట్లు చేశాడా అనే కొలత. మొదటివాడికి 50.5 శాతం, రెండోవాడికి దాదాపు 76. అప్పుడు ‘ఇరవైనాలుగు కొట్టాడ్రా’ అని అరిచిన గొంతు ఏం కావాలి? ఆటగాడు కోర్టులో ఉన్నంతసేపు జట్టు ఎన్ని పాయింట్లు ముందుకెళ్లిందో వెనకబడిందో చెప్పే ప్లస్-మైనస్ విషయంలో మాత్రం నియమం సడలింపుగానే ఉంది. మనకు నచ్చని ఆటగాడికి మైనస్ 19 వస్తే అది తిరుగులేని శాస్త్రం. మనవాడికి వస్తే అతను కోర్టులో ఉన్నప్పుడు ఎదుటి జట్టు బెంచ్‌వాళ్లకు త్రీలు గుడ్డిగా పడ్డాయని చెప్పాలి. తమాషా ఏమిటంటే, రెండో మాట చాలాసార్లు నిజం.

షాటు ఎలా తప్పిందో చూసేవాళ్లూ కొందరుంటారు. వాళ్లను దూరంగా ఉంచాలి. కుడికో ఎడమకో పోతే గురి తప్పినట్టు, నేరుగా వెళ్లి రిమ్ ముందంచుకు తగిలి రాలితే కాళ్లలో సత్తువ లేనట్టు అంటారు. త్రీ పాయింట్ గీత నుంచి రిమ్‌కు 23 అడుగుల 9 అంగుళాలు, మూలల్లో 22 అడుగులు. రిమ్ లోపలి వెడల్పు 18 అంగుళాలు, బంతి అందులో సగానికి కాస్త ఎక్కువ. బంతిని అంత దూరం మోసేది చెయ్యి కాదు, మోకాళ్లు. నిన్న రాత్రి వేరే ఊళ్లో ఆడి, తెల్లవారుజామున రెండింటికి హోటల్ చేరి, ఇవాళ మళ్లీ సముద్రమట్టానికి 5,280 అడుగుల ఎత్తున్న డెన్వర్‌లో పరిగెత్తినవాడికి నాలుగో క్వార్టర్లో షాట్లన్నీ అంగుళం తక్కువ పడతాయి. బంతి తెచ్చి పాస్‌లిచ్చే పాయింట్ గార్డ్ గాయపడితే ఇంకో తంటా. నిన్నటిదాకా పాస్ అందుకుని నిలబడి కొట్టినవాడు ఇప్పుడు తనే డ్రిబుల్ చేసి, మీదికొచ్చే చెయ్యి తప్పించుకుని కొట్టాలి. శాతం పడిపోతుంది. ఇంత తతంగమంతా చెప్పే బదులు ‘ఏకాగ్రత లేదు’ అంటే రెండు మాటల్లో సరిపోతుంది.

2018 మే 28న హ్యూస్టన్ రాకెట్స్ చేసింది మాత్రం మేష్టార్లకూ మింగుడుపడదు. 65 ఆటలు గెలిచిన జట్టు, త్రీలే నమ్ముకున్న జట్టు, గోల్డెన్ స్టేట్ మీద ప్లేఆఫ్ సిరీస్‌ను తేల్చే ఏడో ఆటలో వరసగా 27 త్రీలు పోగొట్టుకుంది. మొత్తం 44కి ఏడు. 36 శాతం లెక్కన ఏ 27 షాట్లయినా వరసగా పోయే అవకాశం లక్షా డెబ్భై వేలల్లో ఒకటి. కాబట్టి అదృష్టం ఒక్కటే కాదు. ఆ జట్టు పాయింట్ గార్డ్ క్రిస్ పాల్ తొడ కండరం పట్టేసి బయట కూర్చున్నాడు, బరువంతా ఇద్దరు ముగ్గురి కాళ్ల మీద పడింది. కానీ ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ రాత్రికి ‘భయపడ్డారు’ అనే కారణం తప్ప మరొకటి వినిపించదు.

ప్రస్తుతం తెలుగువారికి రెండు ధర్మాసనాలున్నాయి. అమెరికాలో డాలస్ పక్కనున్న ఫ్రిస్కో, ఇర్వింగ్ వైపు ఉన్నవాళ్లు డాలస్ ఆటను రాత్రి ఏడున్నరకు చూస్తారు. చలికాలంలో అదే ఆటకు హైదరాబాదులో ఉదయం ఏడు, కాఫీతో పాటు విచారణ. 2025 ఫిబ్రవరి మొదట్లో డాలస్ జట్టు తన స్టార్ లూకా డాంచిచ్‌ను లేకర్స్‌కు పంపి ఆంథొనీ డేవిస్‌ను తెచ్చుకున్నప్పుడు రెండు ధర్మాసనాలూ పని ఒత్తిడితో సతమతమయ్యాయి. ఫిబ్రవరి 8న డేవిస్ డాలస్ తరఫున మొదటి ఆట ఆడాడు: 26 పాయింట్లు, 16 రిబౌండ్లు (తప్పిన షాట్ల బంతిని అందుకోవడం), ఏడు అసిస్టులు (పాయింట్లకు దారితీసిన పాస్‌లు). సెక్షన్ రెండు కింద విగ్రహానికి కొలతలు తీసుకుంటుండగానే మూడో క్వార్టర్లో తొడ పట్టుకుని లోపలికి వెళ్లిపోయాడు. మళ్లీ కోర్టులో దిగడానికి ఆరు వారాలు పట్టింది.

ఆ ఆరు వారాలూ అతను చూపిన నిలకడ అమోఘం. ప్రతి ఆటకూ సున్నా పాయింట్లు, సున్నా టర్నోవర్లు (బంతి పోగొట్టుకోవడాలు). ఒక్క రాత్రి కూడా గాడి తప్పలేదు. అయితే 2023-24 నుంచి ఎంవీపీ లాంటి బహుమతులకు 65 ఆటలు ఆడి తీరాలనీ, 20 నిమిషాలుంటేనే ఆట కింద లెక్క అనీ, రెండు ఆటలకు మాత్రం 15 నిమిషాలైనా పరవాలేదనీ లీగ్ రూలు పెట్టింది. సూటు వేసుకుని బెంచ్ మీద కూర్చునే నిలకడకు అందులో గుర్తింపు లేదు. మా విన్నపంలో రెండో అంశం అదే.