పక్కవాడికొచ్చిన ఉత్తరం

బైబిల్లో అపొస్తలుడు పౌలు సంఘాలకు రాసిన ఉత్తరాల్లో ఒక పెద్ద లోపం ఉందని మా తిరుపతి విశ్వాసులం ఎప్పుడో కనిపెట్టాం. చిరునామా సరిగ్గా రాయలేదు. రోమీయులకు, కొరింథీయులకు, గలతీయులకు అన్నాడే గాని, బైరాగిపట్టెడ నుంచి వచ్చి మూడో బెంచీలో కూర్చునే ఫలానా ఆయనకు అని ఎక్కడా లేదు. ఆ కొరత తీర్చే భారం మేమే నెత్తినేసుకున్నాం. మొన్న ఆదివారం అయ్యగారు రోమా 2వ అధ్యాయం తీసి "తీర్పు తీర్చు మనుష్యుడా, నీవెవడవైనను సరే" అని చదవగానే, మందిరంలో అందరం ఒక్కసారిగా పక్కవాళ్ల వైపు తిరిగాం. వాక్యం అంత సూటిగా తగలడం ఈ మధ్య చూడలేదు.

ఆ వాక్యానికి కారణం లడ్డు. మా పక్కింటక్క కొండకు పోయొచ్చింది. తిరుపతిలో కొండకు పోయొచ్చినవాళ్లు పక్కింటికి ప్రసాదం పెట్టకుండా ఉండరు. 175 గ్రాముల లడ్డులో సగం, స్టీలు డబ్బాలో. "మీకు ఇబ్బందైతే మొహమాటపడొద్దు తమ్ముడూ" అని కూడా అంది. మూత తీస్తే పచ్చకర్పూరం వాసన వరండా దాకా వచ్చింది. ఆ వరండాలోకే మా సంఘపెద్ద ఒకాయన చందా పుస్తకంతో వచ్చారు.

"డబ్బాలో ఏంటి బ్రదర్?"

"స్వీటండీ."

"ఏం స్వీటు?"

కొరింథీయులకు రాసిన మొదటి ఉత్తరం 10వ అధ్యాయంలో ఇదే సంగతి ఉంది. ఎవరైనా భోజనానికి పిలిస్తే ఆరాలు తీయకుండా పెట్టింది తినమన్నాడు పౌలు. ఎవడైనా వచ్చి ఇది గుళ్లో అర్పించినదని చెబితే మాత్రం, చెప్పినవాడి కోసం మానేయమన్నాడు. ఆ 'ఎవడైనా' పోస్టులో మా పెద్దాయన చేరిపోయారు. జీతం లేదు, సెలవుల్లేవు, వాసన పట్టగలిగితే చాలు. సాయంత్రానికి సంఘం వాట్సాప్‌లో ప్రార్థన మనవి: తీపికి లొంగిన ఒక సహోదరుని జ్ఞాపకం చేసుకోండి. పేరు రాయలేదు, మర్యాదస్థులు. వీధి రాశారు.

పౌలు మీద నాకున్న ఫిర్యాదు వేరే. గమలీయేలు అనే గొప్ప యూదు పండితుడి దగ్గర ధర్మశాస్త్రం నేర్చుకున్నవాడు, అంత చదువూ చదివి, అదంతా పొరుగువాణ్ని ప్రేమించమన్న ఒక్క మాటలో ఉందని గలతీయులకు రాసేశాడు. ఒక్క మాటే అయితే మా క్రమశిక్షణ కమిటీ ఏం కావాలి? ఏడుగురం ఉన్నాం. నెలకు రెండు మీటింగులు, టీ, మిక్చరు. ఏ సిస్టర్ తలలో ఎన్ని మూరల మల్లెపూలున్నాయో లెక్కపెట్టేదెవరు? పైగా ఆ వెంటనే, మీరు ఒకరినొకరు కరుచుకుని తింటే అందరూ నాశనమవుతారు, జాగ్రత్త అంటాడు. ఆయన మా మీటింగుకు ఎప్పుడొచ్చి కూర్చున్నాడో మరి.

పౌలు కొరింథీయులకు రాసిన ప్రేమ అధ్యాయం మాత్రం మాకు కంఠతా వచ్చు, ప్రతి పెళ్లిలోనూ చదువుతాం. ప్రేమ "అపకారమును మనస్సులో ఉంచుకొనదు." మేమూ ఉంచుకోం. స్క్రీన్‌షాట్ తీసి ఫోన్లో ఉంచుకుంటాం.

కమిటీ నన్ను పిలిచినప్పుడు సిద్ధపడే వెళ్లాను. రోమా 14వ అధ్యాయం తీసి, "తిననివాడు తినువానికి తీర్పు తీర్చకూడదు" అని పెద్దాయన మొహంలోకి చూస్తూ గొంతెత్తి చదివాను. ఎవరూ మాట్లాడలేదు. గెలిచాననుకుని ఇంటికొస్తే, మా ఆవిడ అదే వచనం మీద వేలు పెట్టి మొదటి సగం చూపించింది: "తినువాడు తిననివాని తృణీకరింపకూడదు." చిన్న అక్షరాలు కదా, నా కంటికి ఆనలేదు. అప్పటికే పెద్దాయనకు పరిసయ్యుడని పేరు పెట్టి నలుగురికి చెప్పేశాను. ధర్మశాస్త్రాన్ని అక్షరం తప్పకుండా పట్టుకునే యూదుల తెగ అది; మా వాడుకలో మాత్రం వేషధారి అని. పౌలు కూడా పరిసయ్యుడేనని ఆయనే ఫిలిప్పీయులకు రాసుకున్నాడు గాబట్టి, అది తిట్టు కిందికి రాదని నా వాదన. మా ఆవిడ ఒప్పుకోలేదు.

డబ్బా ఖాళీగా తిరిగివ్వకూడదు గదా, మురుకులు పోసి నిన్న పట్టుకెళ్లాను. అక్క డబ్బా అందుకుంటూ గొంతు తగ్గించి అడిగింది:

"ఏం తమ్ముడూ, ఆదివారం మీ మందిరం మైకులో తీర్పు, తీర్పు అంటా ఉన్నారు. ఎవురి మింద కేసు?"