ఏడేళ్లు ఆగితే అప్పు పోదు

పోయిన శీతాకాలం ఒక ఆదివారం సాయంత్రం మా వంటింటి టేబుల్ దగ్గర ఒక కుర్రాడు లాప్‌టాప్ తెరుచుకుని కూర్చున్నాడు. మా అసోసియేషన్‌లో సంక్రాంతి ముగ్గుల పోటీ అంటే అందరికంటే ముందొచ్చి బల్లలు వేసే మనిషి. కుర్రాడు అంటున్నాను గానీ ముప్పై అయిదు దాటాయి, ఇద్దరు పిల్లలు. రెండేళ్ల కిందట అమెరికా సిటిజన్‌షిప్ వచ్చింది. వర్జీనియాలోని చాంటిల్లీలో ప్రభుత్వానికి పనిచేసే ఒక కాంట్రాక్టు కంపెనీ ఉద్యోగం ఇస్తానంది, సెక్యూరిటీ క్లియరెన్స్ (రహస్య సమాచారం చూడటానికి ప్రభుత్వమిచ్చే అనుమతి) వస్తేనే. తెర మీద ఆ క్లియరెన్స్ కోసం నింపే ఎస్‌ఎఫ్-86 ఫారం, డబ్బు సంగతులడిగే సెక్షన్ 26. గత ఏడేళ్లలో మీ బిల్లు ఏదైనా కలెక్షన్ ఏజెన్సీకి, అంటే మొండి బాకీలు వసూలు చేసేవాళ్లకు, వెళ్లిందా అని ప్రశ్న. పక్కన రెండు గళ్లు: యెస్, నో. టీ చల్లారిపోయి పైన మీగడ కట్టింది. మౌస్ మాత్రం ఆ రెండు గళ్ల మధ్యా తిరుగుతూనే ఉంది.

"అన్నా, ఇది అయిదున్నరేళ్ల కిందటి సంగతి. ఇంకో ఏడాదిన్నర ఆగితే క్రెడిట్ రిపోర్టులోంచి దానంతటదే పోతుందంట. ఈలోగా నో కొట్టెయ్ అంటున్నాడు మా బావ."

అప్పు పెద్దదేం కాదు. అప్పట్లో ఉద్యోగం పోయి, లీజు మధ్యలో అపార్ట్‌మెంట్ ఖాళీ చేసి వేరే రాష్ట్రం వెళ్లాడు. మిగిలిన అద్దె, కార్పెట్ ఖర్చు కలిపి 2,900 డాలర్లని వాళ్లు బిల్లు పంపారు. దాంతోపాటు ఒక క్రెడిట్ కార్డు మీద 6,400. కొత్త ఉద్యోగం దొరికాక రెండూ కట్టగలిగేవాడే. కానీ ఉత్తరాలు రావడం ఆగిపోయాయి, ఇతనూ మర్చిపోయినట్టు ఉండిపోయాడు.

ఈ "ఏడేళ్లు ఆగు" అనే సలహా మన పొట్లక్‌లలో, వాట్సాప్ గ్రూపుల్లో ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. ఇచ్చేవాళ్లు మంచి మనసుతోనే ఇస్తారు. అయినా క్లియరెన్స్ కావలసినవాడికి మనవాళ్లిచ్చే సలహాల్లో ఇంతకంటే చెడ్డది నాకు కనబడలేదు. క్రెడిట్ రిపోర్టులో పాత బాకీ ఉండే గడువు సాధారణంగా ఏడేళ్లు, అది ఒక చట్టం. బాకీ కోసం కోర్టుకెక్కే గడువు మరొకటి, అది రాష్ట్రానికో తీరు. మా వర్జీనియాలో రాతపూర్వక ఒప్పందానికి అయిదేళ్లు. ఫారంలో అడిగే ఏడేళ్లు మూడోది. ఈ మూడింటినీ కలిపి మనవాళ్లు ఒక ముహూర్తం పెట్టేశారు, అది దాటితే అప్పు మాయమని. క్లియరెన్స్ తేల్చేవాళ్లు అలా చూడరు. రిపోర్టులోంచి జారిపోయిందా, కోర్టు గడువు దాటిందా అన్నది వాళ్లకు ముఖ్యం కాదు. నువ్వు దాన్ని తీర్చడానికి ఏం చేశావన్నదే వాళ్ల ప్రశ్న. గడువు దాటిందని చేతులు దులుపుకోవడం నిజాయతీగా తీర్చే ప్రయత్నం కిందికి రాదని క్లియరెన్స్ వివాదాల అప్పీల్ బోర్డు చాలా తీర్పుల్లో చెప్పింది.

ఆ తీర్పులు ఎవరైనా చదువుకోవచ్చు. అమెరికా రక్షణశాఖలో ఈ వివాదాలు వినే విభాగాన్ని పొడి అక్షరాల్లో డోహా అంటారు. పేర్లు తీసేసి తీర్పులను వెబ్‌సైట్‌లో పెడుతుంది. నేను కొన్ని రాత్రులు వాటితోనే గడిపాను (మా ఆవిడ దీన్ని నా సీరియల్ అంటుంది). అందులో గూఢచారులు, కుట్రలు పెద్దగా కనబడవు. విడాకులు, ఉద్యోగం పోవడం, ఆసుపత్రి బిల్లు, కట్టని ట్యాక్సు. మన పక్కింటి కథల్లాగే ఉంటాయి.

నియమాలు రాసిపెట్టే ఉన్నాయి. 2017 జూన్ 8 నుంచి అమల్లో ఉన్న మార్గదర్శకాల్లో మొత్తం 13 అంశాలుంటాయి. డబ్బు సంగతి అందులో 'ఎఫ్'. ఇంత డాలర్లు దాటితే క్లియరెన్స్ రాదన్న గీత ఎక్కడా లేదు. పెద్ద అప్పున్నా నెలనెలా సక్రమంగా కడుతుంటే ఇబ్బంది లేకపోవచ్చు, చిన్నదాన్ని గాలికొదిలేస్తే రావచ్చు. క్లియరెన్స్ తేల్చేవాళ్ల భయం రెండు రకాలు. పీకల దాకా మునిగినవాడు డబ్బు కోసం తప్పుడు దారి తొక్కుతాడేమో. మాటిచ్చి కట్టనివాడు రహస్యాన్ని కాపాడతానన్న మాట మాత్రం నిలబెట్టుకుంటాడా. ఇది ఊరికే ఊహించుకున్న భయం కాదు. సీఐఏ అధికారి ఆల్డ్రిచ్ ఏమ్స్ 1985లో సోవియట్ వాళ్లకు రహస్యాలు అమ్మడం మొదలుపెట్టినప్పుడు విడాకులతో, అప్పులతో ఉక్కిరిబిక్కిరవుతున్నాడు. తర్వాత మా ఊళ్లకు దగ్గర్లోనే, ఆర్లింగ్టన్‌లో, 5,40,000 డాలర్ల ఇల్లు నగదుగా కొన్నాడు. జాగ్వార్ కారులో ఆఫీసుకెళ్లేవాడు. 1994లో గానీ పట్టుబడలేదు. అందుకే లెక్క చెప్పలేని సంపద కూడా ఆ 'ఎఫ్'లోనే ఉంటుంది. కూతురి ఓణీల ఫంక్షన్‌కి బాంక్వెట్ హాలు, డ్రోన్ కెమెరా, హెలికాప్టర్ ఎంట్రీ పెట్టేవాళ్లు దీన్ని కాస్త గుర్తుంచుకుంటే మంచిది.

మనవాళ్లను తప్పుదారి పట్టించే ఇంకో మాట ఛార్జ్ ఆఫ్. రిపోర్టులో అది కనబడగానే "రాసేశారు అన్నా, మాఫీ అయినట్టే" అంటారు. రుణమాఫీ హామీలతో ఎన్నికలు జరిగే చోటి నుంచి వచ్చాం, మాఫీ అన్న మాట మన నోట్లో తేలిగ్గా ఆడుతుంది. బ్యాంకు తన పుస్తకాల్లో నష్టం కింద రాసుకుంది, అంతే. అప్పు అలాగే ఉంటుంది. చాలాసార్లు ఎవరికో అమ్మేస్తారు కూడా. ఒకవేళ నిజంగానే వదిలేశారనుకోండి, ఆ మొత్తాన్ని సాధారణంగా మీ ఆదాయంగా లెక్కగట్టి 1099-సి అనే ట్యాక్సు ఫారం పంపుతారు. ఆ కాగితాన్ని పక్కన పడేసి రిటర్న్‌లో చూపకపోతే అప్పు సమస్య కాస్తా ట్యాక్సు సమస్య అవుతుంది. ట్యాక్సు దగ్గర క్లియరెన్స్ తేల్చేవాళ్లు మరీ కఠినం. ఇండియా ఖాతాల్లో అన్నీ కలిపి ఏ రోజునైనా 10,000 డాలర్లు దాటితే చెప్పాలన్న నిబంధన, ఎఫ్‌డీ వడ్డీ చూపడం కూడా అందులో భాగమే.

ఇక మొహమాటం సంగతి. ఆ సెక్షన్లో అడిగేది మన సొంత అప్పులే కాదు, ఎవరికైనా కో-సైన్ చేసినవీ, హామీగా ఉన్నవీ చెప్పాలి. మేనల్లుడు ఎంఎస్‌కి వచ్చాడు, లోన్‌కి సంతకం కావాలన్నాడు. "మామయ్యా, ఊరికే ఫార్మాలిటీ" అన్నాడు. అక్క ముఖం చూసి కాదనలేం. నాలుగేళ్ల తర్వాత వాడికి ఓపీటీ (చదువయ్యాక కొన్నాళ్లు పనిచేసుకోనిచ్చే అనుమతి) అయిపోయింది, ఉద్యోగం లేదు, ఫోన్ ఎత్తడు. ఆ లోన్ నాలుగు నెలలు దాటి ఆగిపోతే ఫారంలో రాయాల్సింది వాడు కాదు, మామయ్య. ఫ్రెండ్‌తో కలిసి పెట్టిన రెస్టారెంటూ అంతే. వ్యాపారం మూతపడితే బోర్డు దిగిపోతుంది, మన పేరుతో ఇచ్చిన గ్యారంటీ మాత్రం దిగదు. వీటిలో మన తప్పు తక్కువే ఉండొచ్చు. కానీ మేనల్లుడితో, బ్యాంకుతో ఏం మాట్లాడామో చూపించే ఈమెయిల్ ఒక్కటైనా మన దగ్గరుందా?

నాకు ఈ వ్యవస్థ మీద గుడ్డి నమ్మకమేం లేదు. సందేహం వస్తే అభ్యర్థి పక్షాన తీర్చరు, దేశభద్రత పక్షాన తీరుస్తారు. క్లియరెన్స్ ఎవరికీ హక్కు కాదని అమెరికా సుప్రీంకోర్టు 1988లో ఈగన్ కేసులో చెప్పేసింది. ఇన్సూరెన్స్ కంపెనీ, ఆసుపత్రి ఒకరి మీద ఒకరు తోసుకుని చివరికి కలెక్షన్‌కి పంపిన బిల్లుకి మనిషి నిజాయతీని కొలవడమేమిటని ఒళ్లు మండుతుంది. అయినా ఒక మాట ఒప్పుకోవాలి. ఉద్యోగం పోవడం, జబ్బు, ఇంట్లో చావు, విడాకులు, ఐడెంటిటీ దొంగతనం లాంటి చేతిలో లేని కారణాలను వాళ్ల నియమాలే గుర్తిస్తాయి. చట్టప్రకారం దివాలా తీసినంత మాత్రాన తలుపు మూసుకుపోదు. కష్టం వచ్చాక బాధ్యతగా నడుచుకున్నావా అని మాత్రం అడుగుతారు. ఆ ప్రశ్న అన్యాయమని నేననలేను.

ఎప్పుడు కదిలామన్నది కూడా చూస్తారు. అభ్యంతరాల ఉత్తరం చేతికొచ్చాక (కాంట్రాక్టు ఉద్యోగులకు జవాబివ్వడానికి సాధారణంగా 20 రోజులు) హడావుడిగా కట్టడం మొదలుపెడితే, ఉద్యోగం కోసమే కడుతున్నాడనుకుంటారు. క్లియరెన్స్ వచ్చేసినవాళ్లు కూడా ధీమాగా ఉండే రోజులు పోయాయి. ఒకప్పుడు అయిదేళ్లకో పదేళ్లకో మళ్లీ చూసేవారు. ఇప్పుడు నిరంతర పరిశీలన, క్రెడిట్‌లో తేడా వస్తే వాళ్లకు కబురు వెళ్తుంది.

అన్నిటికంటే మనల్ని దెబ్బ తీసేది పరువు. అప్పుందని చెబితే నలుగురిలో తలెత్తుకోలేమని ఇంట్లో కూడా చెప్పం. ఈ కుర్రాడి భార్యకు ఆ 6,400 సంగతి తెలియదు. మనకు పరువు కాపాడుకోవడమనిపించేది అవతలివాళ్లకు వేరేలా కనబడుతుంది. భార్యకు చెప్పలేని అప్పున్నవాణ్ని బయటివాడెవడో "చెప్పేస్తా" అని బెదిరించొచ్చు కదా! నో కొట్టమన్న బావకు ఈ లెక్క తట్టలేదు. ఫారంలో తెలిసి అబద్ధం రాస్తే అది ఫెడరల్ నేరం, అయిదేళ్ల దాకా జైలు. పైగా వాళ్లు క్రెడిట్ రిపోర్టు ఎలాగూ తెప్పించుకుంటారు. తీరిపోయే అప్పును పట్టుకుని తీరని అబద్ధంగా మార్చుకోవడం ఎందుకు?

మన అసోసియేషన్లకూ ఒక మాట. ఉగాది స్టేజీ లైటింగ్‌కి పెట్టే ఖర్చులో పదోవంతు పెట్టి, ఒక శనివారం పూట లాభాపేక్ష లేని క్రెడిట్ కౌన్సెలర్‌ని పిలిపించండి. జనం రారంటారా? అందరి ముందూ కూర్చోవాలంటే రారు. ఒక్కొక్కరికీ పావుగంట, తలుపేసిన గది ఇవ్వండి, వస్తారు. మన పిల్లలు ఇరవై రెండేళ్లకే ఈ ఫారాలు నింపుతున్నారు. నాన్న కార్డులో ఆథరైజ్డ్ యూజర్‌గా చేర్చిన పాపానికి నాన్న ఎగ్గొట్టిన బిల్లు పిల్ల రిపోర్టులో కూర్చుంటోంది.

ఆ సాయంత్రానికి వస్తే, అతను చివరికి యెస్ నొక్కాడు. కింద వివరాల గడిలో నాలుగు వాక్యాలు రాశాడు: ఉద్యోగం ఎప్పుడు పోయింది, ఎందుకు కట్టలేదు, తర్వాత కట్టగలిగీ ఎందుకు ఊరుకున్నాడు. మూడోది రాయడానికి చాలాసేపు పట్టింది. చివర "త్వరలో కట్టేస్తాను" అని రాస్తే తీసేయమన్నాను. రేపు కడతానన్న మాటను వాళ్లు లెక్కలోకి తీసుకోరు. సోమవారం పొద్దున్నే ఏజెన్సీకి ఫోన్ చేసి, అప్పు వివరాలూ ఒప్పందమూ కాగితం మీద తీసుకుని, మొదటి వాయిదా కట్టి, ఆ రసీదు ఒక ఫోల్డర్‌లో పెట్టమన్నాను. నేను లాయర్ని కాను, పెద్ద మొత్తమైతే లాయర్ దగ్గరికి వెళ్లమని కూడా చెప్పాను. తలూపాడు.

లాప్‌టాప్ మూస్తుండగా ఫోన్ మోగింది. ఇంటి నుంచి. వస్తూ పాలూ పెరుగూ తెమ్మని కాబోలు.

"ఆ, తెస్తా," అన్నాడు. కాసేపు ఆగాడు. "పిల్లల్ని పడుకోబెట్టి నువ్వు మెలకువగా ఉండు. నీకొక సంగతి చెప్పాలి."