భవిష్యత్తు గురించి పల్లెను అడగనక్కర లేదా?

ఇరవై ఏళ్ళ తరవాతి ఆర్థిక వ్యవస్థ ఎలా ఉండాలో తేల్చడం నిపుణుల పని అనీ, రెండు మూడు భవిష్యత్ దృశ్యాలు గీసి చిన్న రైతుల అభిప్రాయం అడగడం కాలయాపన అనీ, అభివృద్ధి జరిగితే దాని ఫలం తనంతట తానే కింది వరకూ చేరుతుందనీ ఒక వాదన మన చర్చల్లో విరివిగా తిరుగుతోంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తెచ్చిన దీర్ఘకాలిక ప్రణాళిక విజన్ 2020ని దానికి రుజువుగా చూపడమూ పరిపాటే. నిజానికి ఆ వాదన తేలిపోయేది అక్కడే.

భవిష్యత్ దృశ్యాలు జోస్యాలనీ, జోస్యాలు తప్పుతాయనీ మొదటి ఆక్షేపణ. జోస్యం జరగబోయేది ఒక్కటే చెబుతుంది. సినారియో ప్లానింగ్ ఒకదానితో ఒకటి పొసగని అవకాశాలను పక్కపక్కన పెట్టి, ఏ దారిలో ఎవరికి ఏమవుతుందో చూపుతుంది. వర్ణవివక్ష పాలన ముగియబోతున్న దక్షిణాఫ్రికాలో 1991-92లో వేర్వేరు పక్షాలవారు కూడిన మోంట్ ఫ్లోర్ బృందం అలాంటి దారులు నాలుగు గీసింది. తాహతుకు మించి ఖర్చు చేసి కూలిపోయే ప్రజాకర్షక ప్రభుత్వం వాటిలో ఒకటి. అది నిజం కాలేదు గనుక కసరత్తు వృథా అనడం పొరపాటు, ఎందుకంటే దాన్ని చూపించిందే అలా జరగకూడదని. అసమానతలు మాత్రం అక్కడ ఇప్పటికీ తీవ్రంగానే ఉన్నాయి. దృశ్యాలు గీసినంత మాత్రాన విధానం మారిపోదు.

పల్లె జనానికి ఇవి అర్థం కావన్నది రెండో మాట. కన్సల్టెన్సీ సంస్థ మెకిన్సీ తోడ్పాటుతో 1999లో వెలువడిన విజన్ 2020, సేద్యంపై ఆధారపడ్డవారి వాటాను 70 శాతం నుంచి 40 శాతానికి తగ్గించాలని తలచింది. 2001లో మెదక్ జిల్లాలో జరిగిన 'ప్రజాతీర్పు' అనే పౌర విచారణలో, సగానికి పైగా మహిళలున్న చిన్న, సన్నకారు రైతుల జ్యూరీ ముందు మూడు భవిష్యత్తులను వీడియోలుగా ఉంచారు: విజన్ 2020 బాట, ఎగుమతుల కోసం సేంద్రియ సేద్యం, స్థానిక స్వావలంబన. చదువు రానివారు కూడా చూసి తర్కించగలిగే పద్ధతి అది. వారు ప్రభుత్వ, కంపెనీ, విశ్వవిద్యాలయ ప్రతినిధులను సాక్షులుగా పిలిచి ప్రశ్నించారు. మూడింటిలో ఒకదానికి టిక్కు పెట్టి ఊరుకోక, తమకు కావలసిన అంశాలను ఏరి సొంత దృశ్యాన్ని కూర్చుకున్నారు. కూలీల పని తీసేసే యంత్రాలనూ, కాంట్రాక్టు సేద్యాన్నీ, జన్యుమార్పిడి పంటలనూ, 70 నుంచి 40కి తగ్గింపునూ కాదన్నారు. పొలం వదిలినవారికి పని ఎక్కడ దొరుకుతుందన్న ప్రశ్నకు సరైన జవాబు లేకుండా ఆ తగ్గింపును ఒప్పుకోకపోవడం అజ్ఞానం ఎలా అవుతుంది?

నిర్వాహకులు ముందే తీర్పు రాసి పెట్టుకున్నారన్నది మూడో ఆరోపణ. బ్రిటన్ ప్రభుత్వ సహాయ సంస్థ కూడా ప్రజాతీర్పు నివేదికను గట్టిగా విమర్శించింది. చిన్న జ్యూరీ యావత్ రాష్ట్రానికి ప్రతినిధి కాదన్న మాట సబబే. కానీ సర్వే చేసే పని వేరు, జ్యూరీ చేసే పని వేరు. పైగా ఈ కొలత కన్సల్టెంట్ల నివేదికకు ఎవరూ వర్తింపజేయరేం?

ఇక అభివృద్ధి తనంతట తానే కిందికి దిగుతుందన్న మాట. హైటెక్ సిటీ తెచ్చిన ఉద్యోగాలు నిజమే, వాటిని తక్కువ చేయనక్కరలేదు. అయితే ఆ ఉద్యోగాలకు కావలసిన చదువు, పొలం వదలాల్సిన వారిలో ఎందరి దగ్గర ఉంది? ఇప్పుడు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ దార్శనిక పత్రం స్వర్ణాంధ్ర 2047 తలసరి ఆదాయాన్ని 42,000 డాలర్లకు చేర్చాలంటోంది. తలసరి అంటే సగటు. అందులో కౌలు రైతు వాటా, వ్యవసాయ కూలీ వాటా కనిపించవు. వాటిని విడిగా లెక్కగట్టి, వానలు వరసగా తప్పితే ఏమవుతుందో, యంత్రాలు పని తగ్గిస్తే ఏమవుతుందో దృశ్యాలుగా గ్రామసభల ముందు పెట్టడం పరిశోధకులు చేయగల పనే. దానికి ఏళ్ళు పట్టవు. సన్నాహాలు పక్కన పెడితే, మెదక్‌లో విచారణ కొద్ది రోజుల్లోనే ముగిసింది.