డయాలసిస్ పెడితే మనిషి దక్కడన్న మాట నిజం కాదు

"ఆస్పత్రిలో ఉన్న మనిషికి క్రియాటినిన్ పెరిగిందంటే రెండు కిడ్నీలూ పోయినట్టే. డయాలసిస్ పెట్టారంటే ఇక దక్కడు. దక్కినా బతికినన్నాళ్లూ ఆ మిషన్ మీదే. ఇంటికి తెచ్చుకుని కొబ్బరినీళ్లు, పల్లేరు కషాయం బాగా తాగించండి." మా ఉదయగిరి వైపు వాట్సాప్ గ్రూపుల్లో ఈ మెసేజ్ మళ్లీ తిరుగుతోంది. పోయిన ఏడు ఇదే మెసేజ్ చదివి మా ఇంట్లో ఒక పూటంతా పోగొట్టుకున్నాం. అందుకే ఒక్కో మాటకీ జవాబు రాస్తున్నాను.

క్రియాటినిన్ సంగతి ముందు. అది రక్తంలోంచి కిడ్నీలు వడకట్టి బయటికి పంపే వ్యర్థం. రెండు రోజుల్లో అది డెసిలీటరుకు 0.3 మిల్లీగ్రాములు పెరిగినా డాక్టర్లు 'కిడ్నీకి హఠాత్తుగా దెబ్బ తగిలింది' అనే అంటారు. త్వరగా పట్టుకోవడానికే ఆ గీత అంత కింద గీశారు. వాంతులు, విరేచనాలతో ఒంట్లో నీరు ఇంకిపోయినా పెరుగుతుంది, సెలైన్ ఎక్కిస్తే చాలామందిలో దిగుతుంది.

ఇక చావు మాట. ఇందులో నిజం కొంత ఉంది, దాన్ని దాచను. ప్రపంచవ్యాప్తంగా జరిగిన పరిశోధనలన్నీ కలిపి 2013లో లెక్క చూస్తే, ఆస్పత్రిలో ఈ దెబ్బ తగిలిన పెద్దవాళ్లలో దాదాపు నలుగురికి ఒకరు చనిపోయారు. ఐసీయూలో డయాలసిస్ దాకా వెళ్లినవాళ్లలో ఇంచుమించు సగం మంది. కానీ వాళ్లు ఎవరు? రక్తంలో ఇన్ఫెక్షన్ పాకినవాళ్లు, బీపీ నిలవనివాళ్లు, వెంటిలేటర్ మీద ఉన్నవాళ్లు. తుపాను వస్తోందనే పునరావాస కేంద్రం తెరుస్తారు, తెరిచినందువల్ల తుపాను రాదు.

డయాలసిస్ వల్ల చావు రాదనడానికి గట్టి రుజువు ఉంది. 2020లో వెలువడిన ఒక పరిశోధనలో 15 దేశాల ఐసీయూ రోగులు దాదాపు 3 వేల మందిని రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు డయాలసిస్ త్వరగా పెట్టారు, రెండో జట్టుకు తప్పనిసరి అయ్యేదాకా ఆగారు. 90 రోజుల్లో రెండు జట్లలోనూ వందకు 44 మంది లెక్కన చనిపోయారు. డయాలసిస్సే చంపేదైతే దాదాపు అందరికీ పెట్టిన మొదటి జట్టులో చావులు పెరగాలి గదా? పెరగలేదు. ఆగిన జట్టులో వందకు 38 మందికి అసలు డయాలసిస్ పెట్టనే లేదు. కాబట్టి డాక్టరు "ఇంకో రోజు చూద్దాం" అంటే అది నిర్లక్ష్యమని అనుకోవద్దు. "ఇప్పుడే పెట్టాలి" అన్నప్పుడు మాత్రం ఆగొద్దు.

మేం ఆగాం. మా మామను శెనక్కాయ చేలో రక్తపింజర కరిచింది. విరుగుడు ఇంజెక్షన్లు పడినా మూడో రోజుకి యూరిన్ బ్యాగులో అరగ్లాసు కూడా లేదు, ఉన్నదీ టీ డికాషన్ రంగు. సంతకం పెట్టమంటే అత్తకి చెయ్యి ఆడలేదు. "ఏంది పాపా, అది పెట్టినోళ్లు ఎవురూ ఇంటికి రాలేదంట గదా" అని ఏడ్చింది. సాయంత్రానికి మామకి ఆయాసం మొదలైంది. అప్పుడు పెట్టాం సంతకం.

జీవితాంతం మిషన్ మీదే అన్నదీ తప్పే. దెబ్బతిన్న కిడ్నీ గొట్టాల్లో కొత్త కణాలు పుడతాయి, దానికి కొన్ని వారాలు పడుతుంది. అప్పటిదాకా రక్తం శుభ్రం చేసే పని మిషన్ చేస్తుంది. పైన చెప్పిన పరిశోధనలో బతికినవాళ్లలో 90 రోజుల తర్వాత కూడా డయాలసిస్ మీద ఉన్నది ఒక జట్టులో వందకు 10 మంది, ఇంకో జట్టులో 6. రక్తపింజర విషం కొందరి కిడ్నీని శాశ్వతంగా పాడుచేసే మాట నిజమే. మా మామకి ఏడు సార్లు పెట్టాక ఆపేశారు.

అన్నిటికంటే నాకు భయం వేసేది ఆఖరి సలహా. కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ. మూత్రం రాని మనిషి ఒంట్లో అది బయటికి పోదు, పెరిగి పెరిగి గుండె ఆగిపోవచ్చు. బాగా తాగించిన నీళ్లు పోయే దారి లేక ఊపిరితిత్తుల్లో చేరతాయి. మంచి చేస్తున్నామనుకునే ఇంటివాళ్ల చేతుల్లోనే ఇది జరుగుతుంది. కషాయమైనా, నొప్పుల బిళ్లయినా, పళ్లరసమైనా ముందు వార్డులో డాక్టర్ని అడగండి.

ఇంటికి వచ్చాక మూడు నెలలకు క్రియాటినిన్, మూత్రం పరీక్ష మళ్లీ చేయించాలి. మామ క్రియాటినిన్ మామూలు కంటే కాస్త ఎక్కువగా, 1.4 దగ్గర నిలిచింది. ఒళ్లునొప్పులకి ఇక డైక్లోఫెనాక్ ఇంజెక్షన్ వేయించుకోవద్దన్నారు. ఊళ్లో వైద్యం చేసే ఆయనకి ఆ మాట రాసిన చీటీ అత్తే తీసుకుపోయి చూపించి వచ్చింది.