పసుపుపచ్చ నర్వులు చూపించిన వీడియో గారికి

గౌరవనీయులైన ఆన్‌లైన్ అనాటమీ పాఠం గారికి,

ఇవాళ మధ్యాహ్నం దేహాన్ని కోసి నేర్చుకునే మా డిసెక్షన్ హాల్లో, వైవాలో (నోటి పరీక్షలో) తమరి పుణ్యమా అని నా పరువు పోయింది. ఆ ముక్క విన్నవించుకుందామనే ఈ ఉత్తరం.

మేడమ్ ఫోర్సెప్స్‌తో తాడు లాంటిదేదో పైకెత్తి "ఇదేంటి నాన్నా?" అన్నారు. బ్రాకియల్ ప్లెక్సస్, అంటే మెడ నుంచి చేతికి వెళ్లే నర్వుల అల్లిక, నన్ను నిద్రలో లేపి అడిగినా చెప్తాను. సి5 నుంచి టి1 దాకా వెన్ను నర్వుల రూట్స్, ట్రంక్స్, డివిజన్స్, కార్డ్స్, బ్రాంచెస్, అన్నీ మీరు నేర్పినవే. కానీ తమరి తెర మీద నర్వ్ అంటే పెళ్లికూతురి పాదాలంత పసుపు, ఆర్టరీ (ధమని) కుంకుమ, వెయిన్ (సిర) నీలం. ఇక్కడ దేహదానం చేసిన ఆ పెద్దాయన చంకలో అన్నీ ఒకటే రంగు, నానబెట్టిన చింతపండు రంగు. మధ్యలో కొవ్వు, ఫేషియా పొరలు, దేహం చెడకుండా వాడే ఫార్మలిన్‌కి నా కళ్లమ్మట నీళ్లు. ధైర్యం చేసి "ఆక్సిలరీ వెయిన్ మేడమ్" అన్నా. అది మీడియన్ నర్వట. బ్యాచ్ అంతా నవ్వింది (వాళ్లకీ తెలీదు, నాకు తెలుసు).

ఒక్క క్లిక్‌తో పెక్టొరాలిస్ మైనర్ అనే ఛాతీ కండరాన్ని మాయం చేస్తారు కదా, దాన్ని శుభ్రం చేసి, కోసి, పక్కకు తిప్పడానికి మాకు ఒక పూట పట్టింది. ఇక మీ క్విజ్‌లో నాకు పదికి పది, అదో దగా. హాస్టల్ వైఫైలో సరిగ్గా కార్డ్స్ దగ్గరే గిరగిరా తిరుగుతూ ఆగిపోతారు, అదింకోటి.

అసలు ఒప్పందమేంటి? రాత్రి నిన్ను చూసొస్తే, హాల్లో టైమంతా చేత్తో నేర్చుకోవచ్చన్నారు కాలేజీ వాళ్లు. ఇప్పుడు "వీడియోలో చూశారుగా" అని డెమోని పావుగంటలో తేల్చేస్తున్నారు. హాలుకి సాయంగా నిన్ను తెచ్చారా, హాలుని మింగడానికి తెచ్చారా? వేళ్ల మధ్య నలిపితే నర్వ్ గట్టిగా తాడులా తగులుతుందని, ఆర్టరీ గోడ మందంగా గొట్టంలా ఉంటుందని, వెయిన్ పల్చగా అణిగిపోయి ఉంటుందని ఒక్కసారైనా చెప్పావా? ఎలా చెప్తావులే, నీకు చేతులెక్కడివి!

చివరికి మేడమే "రంగు చూడకు, పట్టుకుని చూడు" అని నా వేలు దాని కిందకి దూర్చారు. అలా లాక్కుంటూ పైకి వెళ్తే, ఆర్టరీ మీద నర్వులు కలిసి గీసిన ఇంగ్లీషు ఎమ్ అక్షరం, అచ్చం నువ్వు గీసినట్టే. నిజం చెప్పొద్దూ, అప్పుడు నువ్వే గుర్తొచ్చావు.

రేపు ముంజేయి. రాత్రి పదింటికి మళ్లీ నిన్నే తెరుస్తా. ఆ పసుపు మాత్రం కాస్త తగ్గించు తల్లీ.

ఇట్లు,
హాస్టల్లో అప్పుడే "ఆక్సిలరీ వెయిన్" అని పేరు పడిపోయిన ఫస్టియర్ విద్యార్థిని