ఎముక ఒకచోట, పేటిక ఇంకోచోట

2025 మేలో హాంకాంగ్‌లో జరగాల్సిన ఒక వేలం ఆగిపోయింది. అమ్మకానికి పెట్టినవి ఉత్తరప్రదేశ్‌లోని పిప్రహ్వా స్తూపంలో బుద్ధుడి ధాతువులతో (అస్థి అవశేషాలతో) పాటు దొరికిన రత్నాలు. భారత ప్రభుత్వం లీగల్ నోటీసు ఇచ్చింది, బౌద్ధులు గట్టిగా అభ్యంతరం చెప్పారు. జూలై చివరికి ఆ రత్నాలు మన దేశం చేరాయి. మంచిదే. కానీ వ్యవహారం వేలం దాకా ఎందుకు వెళ్లిందో కూడా చూడాలి.

1898లో విలియం పెప్పే అనే బ్రిటిష్ ఎస్టేట్ యజమాని తన భూమిలో ఆ స్తూపాన్ని తవ్వించాడు. దొరికినవాటిని బ్రిటిష్ ప్రభుత్వం పంచేసింది. ఎముకల ముక్కలు సయాం (ఇప్పటి థాయ్‌లాండ్) రాజుకు వెళ్లాయి. రత్నాల్లో ఎక్కువ భాగం కలకత్తా మ్యూజియానికి చేరింది, కొంత వాటా పెప్పే కుటుంబానికి మిగిలింది. ఎముక అయితే మతానికి, రత్నం అయితే దొరికినవాడికి అన్న ఆ లెక్కలోనే వేలానికి దారి పడింది.

మన భట్టిప్రోలుదీ ఇదే కథ. 1892లో పురావస్తు శాస్త్రవేత్త అలెగ్జాండర్ రీ అక్కడి మహాస్తూపం తవ్వినప్పుడు ధాతువులున్న పేటికలు బయటపడ్డాయి. వాటి మీద బ్రాహ్మీ లిపిలో దాతల పేర్లున్నాయి: కుర, అతని తల్లిదండ్రులు, నిగమ (వర్తక సంఘం) సభ్యులు, కుబిరక రాజు. రెండు వేల ఏళ్లకు పైగా నిలిచిన పేర్లవి! ఆ మనుషులు పేటికనూ, ధాతువునూ కలిపి ఒకే దానంగా సమర్పించారు. ఇవాళ పేటికలు చెన్నై మ్యూజియంలో ఉన్నాయి. ధాతువు కలకత్తా ధర్మరాజిక విహారంలో ఉంది.

ఆ ఎముక నిజంగా బుద్ధుడిదేనా అని అడిగేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. వాళ్లకు జవాబు కశ్మీర్‌లో జరిగిన ఒక ఘటనలో ఉంది. 1963 డిసెంబరులో శ్రీనగర్ హజ్రత్‌బల్ దర్గాలో ప్రవక్త కేశం మాయమైంది. గడ్డకట్టే చలిలో కశ్మీర్ మొత్తం రోడ్ల మీదకు వచ్చింది, నెహ్రూ ప్రభుత్వానికి పెద్ద టెన్షన్ పట్టుకుంది. జనవరి 4న అది దొరికినా జనం వెంటనే నమ్మలేదు. మత పెద్దలు చూసి, అదే ఇది అన్నాకే ఊరట కలిగింది. ల్యాబు రిపోర్టుతో తేలే విషయం కాదది. తరతరాలుగా దాన్ని కాపాడినవాళ్ల సాక్ష్యమే దానికి ఆధారం. అందుకే వాళ్లను పక్కనపెట్టి అవశేషాల గురించి తీర్మానాలు చేసే హక్కు మ్యూజియాలకు గానీ, వేలం సంస్థలకు గానీ లేదంటాను.

అవశేషాలకు భద్రత కావాలని మ్యూజియాలు చెప్పేది నిజమే. కానీ భద్రత ఉన్నచోటే పూజ కూడా ఉండొచ్చు. సాంచీ ప్రాంతంలో దొరికిన బుద్ధుడి ముఖ్య శిష్యులు సారిపుత్ర, మౌద్గల్యాయనుల ధాతువులు లండన్ మ్యూజియానికి వెళ్లి, తిరిగొచ్చి, 1952లో సాంచీలోనే కొత్త విహారంలో కొలువుదీరాయి. ఏటా నవంబరులో వాటిని బయటికి తెచ్చి దర్శనానికి ఉంచుతున్నారు.

భట్టిప్రోలుకూ అది సాధ్యమే. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం చెన్నైతోనూ, కలకత్తాతోనూ మాట్లాడి, కనీసం బుద్ధ పూర్ణిమ రోజైనా పేటికనూ ధాతువునూ ఆ స్తూపం దగ్గర ఒకచోట చేర్చాలి.